సన్మానం ఏ చేతికి?

(జాతీయ సైన్సు దినోత్సవం నాడు మండల కేంద్రంలో మన సంఘం జరిపిన సభలో ఒక హైస్కూలు సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. సైన్సు టీచర్లకూ విద్యార్థులకూ సన్మానం మొదలుపెట్టాలన్న ఆలోచన మీద చర్చ కోసం ప్రచురిస్తున్నాం.)

 

ఇయ్యాల ఫిబ్రవరి 28. 1928లో ఇదే రోజున సి.వి. రామన్ కలకత్తాలో కాంతి గురించి ఒక కొత్త సంగతి కనిపెట్టాడు. దాని గుర్తుగా 1987 నుంచి దేశమంతా సైన్సు దినోత్సవం జరుపుకుంటోంది. బళ్లల్లో వ్యాసరచన పోటీ పెడతారు, క్విజ్ పెడతారు, గెలిచినోళ్లకి ఒక పెన్నో స్టీలు గ్లాసో ఇస్తారు. మన సంఘం వాళ్లు ఒక అడుగు ముందుకేసి, ఈ ఏటి నుంచి మండలంలో ఒక సైన్సు టీచరుకీ, సైన్సులో పైకొచ్చిన ఒక బిడ్డకీ శాలువా కప్పుదామన్నారు. మంచి మాట. అయితే ఎవరికి కప్పాలి? ఏం చూసి కప్పాలి? ఆ కొలబద్ద ఏందో నన్ను చెప్పమన్నారు.

నేను రసాయనశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఈ రెండూ కలిపే మాట్లాడతాను. శాలువా ఎవరి భుజాన పడుతుందనేది చిన్న సంగతి కాదు. ఊరు ఎవర్ని గొప్పోడంటుందో ఊళ్లో పిల్లలు అతన్నే చూస్తారు, అతను నడిచిన దారే దారి అనుకుంటారు. అందుకని తొందరపడకుండా తేల్చుకోవాలి.

రసాయనం చేతి పనిలో పుట్టిన శాస్త్రం. మట్టి కాల్చిన చెయ్యి, ఇనుము కరిగించిన చెయ్యి, చౌడు మట్టితో గుడ్డ తెల్లగా ఉతికిన చెయ్యి, కల్లు పులియబెట్టిన చెయ్యి, తోలు ఊనిన చెయ్యి. ఈ చేతులన్నీ ఎవరివో మీకు నేను చెప్పక్కర్లేదు. పుస్తకం రాసిన చేతులు వేరు.

ఈ మాట నేను అంటే కులం మాట్లాడుతున్నాడంటారు. అందుకని ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ఏమన్నాడో చెప్తాను. ఈయన 1861లో బెంగాల్లో జమీందారు ఇంట పుట్టాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయనం చెప్పాడు. 1901లో బెంగాల్ కెమికల్స్ అని మందుల కంపెనీ పెట్టాడు. హిందూ రసాయనశాస్త్ర చరిత్ర అని రెండు సంపుటాలు రాశాడు, ఒకటి 1902లో, రెండోది 1909లో. ఒకప్పుడు ఇంత తెలిసిన దేశంలో సైన్సు ఎందుకు చచ్చిపోయిందని అందులో తనే ప్రశ్న వేసుకున్నాడు. కులం గట్టిపడింది, చేతి పనులన్నీ కింది కులాలకి నెట్టేశారు, ఆలోచించేవాడు పనికి దూరమయ్యాడు, పని చేసేవాడికి చదువు లేకుండా పోయింది, ఇక ఎందుకు ఎట్లా అని అడిగేవాడు లేడు అని జవాబు రాశాడు. శవాన్ని తాకితే మైల అన్న మనువు మాట వల్ల శస్త్రవైద్యం ఎట్లా పడిపోయిందో కూడా చెప్పాడు. తన పెద్దల్ని పొగుడుకునే పుస్తకంలోనే ఆ నిజం రాసిపెట్టాడు.

ఆయన దగ్గర చదువుకున్నవాడే మేఘనాథ్ సాహా. ఢాకా పక్క పల్లెటూళ్లో చిన్న దుకాణదారుడి కొడుకు. కలకత్తాలో హాస్టల్లో ఉన్నప్పుడు కులం తక్కువని పక్కన కూర్చోబెట్టి తిండి పెట్టారు. ఆ కుర్రాడే 1920లో నక్షత్రాల వేడినీ వాటి వెలుగునీ లెక్కగట్టే సూత్రం కనిపెట్టాడు. రసాయన చర్యల సమతాస్థితి సూత్రాన్ని తీసుకుపోయి నక్షత్రాలకి పెట్టాడు. ఎక్కడో ఆకాశంలో ఉన్న చుక్క ఆయనకి దగ్గరైంది, పక్క పీటే దూరం చేశారు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. లంద తెలుసు గదా? పెద్దోళ్లకి తెలుసు, పిల్లలకి చెప్తాను. పచ్చితోలు ఊరికే పెడితే కుళ్లిపోద్ది. మన తాతలు దాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టేవాళ్లు. సున్నం క్షారం, అది వెంట్రుక కుదుళ్లని వదులు చేస్తది. తర్వాత తంగేడు చెక్క నానేసిన నీళ్లలో ఊనబెట్టేవాళ్లు, కరక్కాయ కలిపేవాళ్లు. తంగేడు చెక్కలో, కరక్కాయలో టానిన్ అనే పదార్థం ఉంది. తోలంతా కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు. టానిన్ పోయి ఆ పోగుల్ని పట్టుకుని ఒకదానికొకటి ముడేస్తది, మధ్యలో ఉన్న నీళ్లని నెట్టేస్తది. కుళ్లబెట్టే సూక్ష్మజీవికి ఇక అక్కడ తిండి దొరకదు. అప్పుడది చెప్పు అవుతుంది, మోట బొక్కెన అవుతుంది, డప్పు అవుతుంది. ఎన్ని రోజులు ఊనాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో, వేలితో నొక్కి చెప్పేవాళ్లు. ఏ కాలేజీ వాళ్లకి ఇది నేర్పలేదు.

ఇదే టానిన్ల నిర్మాణం మీద జర్మనీలో ఎమిల్ ఫిషర్ అనే రసాయన శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పని చేశాడు. ఆయన అప్పటికే 1902లో నోబెల్ తీసుకున్నవాడు. ఇంకో సంగతి వినండి. తోలు మెత్తబడ్డానికి చాలా దేశాల్లో కుక్క పెంట, పావురం రెట్ట వాడేవాళ్లు. అందులో ఉన్న ఎంజైములే ఆ పని చేస్తున్నాయని గ్రహించి, జర్మనీలోనే ఓట్టో రోమ్ అనే ఆయన 1907లో పశువుల క్లోమం నుంచి ఎంజైము తీసి తోళ్లకి వాడాడు. దానికి పేటెంటు వచ్చింది, కంపెనీ వచ్చింది. పెంటలో చెయ్యి పెట్టినవాడికి అంటరానితనం వచ్చింది. రెండు చేతులూ చేసింది ఒకటే పని.

మన తెలుగు నేల మీద తోళ్ల శాస్త్రానికి పేరు తెచ్చినవాడు యలవర్తి నాయుడమ్మ గారు. తెనాలి దగ్గర యలవర్రు ఆయన ఊరు. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ పెట్టారు, తర్వాత ఆయన దానికి డైరెక్టరయ్యాడు. 1971లో దేశంలో చాలా ప్రయోగశాలలకి పెద్ద అయిన సి.ఎస్.ఐ.ఆర్.కి డైరెక్టర్ జనరల్ అయ్యాడు, అదే ఏడు పద్మశ్రీ వచ్చింది. 1985లో కనిష్క విమానం పేల్చేసినప్పుడు అందులో చనిపోయాడు. ఆయన గొప్పతనం తగ్గించడం నా ఉద్దేశం కాదు. ముట్టుకోకూడదన్న తోలుని రైతుబిడ్డ ముట్టుకుని శాస్త్రం చేశాడు, అందుకు దండం పెడతాను. నేనడిగేది వేరే. అదే తెనాలి చుట్టూ లందల్లో తరాల తరబడి చేతులు నానిన మాదిగ తాతల్లో ఒక్కడి పేరైనా ఏ పుస్తకంలోనైనా ఉందా?

ఇక్కడ ఒకమాట గట్టిగా చెప్పాలి. మళ్లీ లందల్లోకి దిగమని నేననట్లేదు. ఆ కంపు, ఆ పుళ్లు, ఆ అవమానం మన పిల్లలకి వద్దు. గౌరవించాల్సింది అందులో ఉన్న తెలివిని. ఆ పనిని మన మెడకి కట్టిన తాడుని తెంపాల్సిందే. మీ తాత చేతిలో ఉన్నది కూడా రసాయనమేనని తెలిసిన పిల్లవాడు ప్రయోగశాలలోకి తలెత్తుకుని పోతాడు.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బా అంటే, కాదు. అమెరికాలో నల్లవాళ్ల కథ వినండి. పెర్సీ జూలియన్ తాత బానిస. రాయడం చదవడం నేర్చుకున్నాడని ఆయన వేళ్లు రెండు నరికేశారని ఆ కుటుంబంలో చెప్పుకునేవాళ్లు. మన ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొస్తుంది గదా? చదువు మీద కోపం వచ్చినప్పుడల్లా పైవాడు ముందు చేతి వేళ్ల మీదకే పోతాడు.

జూలియన్ పుట్టిన మోంట్‌గోమరీ ఊళ్లో నల్ల పిల్లలకి సర్కారు హైస్కూలే లేదు. డీపా యూనివర్సిటీలో చేరి, ఒక పక్క కాలేజీ పాఠాలు, ఇంకో పక్క తనకి దొరకని హైస్కూలు పాఠాలు కలిపి చదివాడు. 1920లో తరగతిలో మొదటివాడిగా బయటికొచ్చాడు. అమెరికాలో డాక్టరేటు చెయ్యనివ్వకపోతే ఆస్ట్రియా దేశం వియన్నా పోయి 1931లో తెచ్చుకున్నాడు. 1935లో ఫైసోస్టిగ్మిన్ అనే మందుని ప్రయోగశాలలో తయారుచేశాడు. కంట్లో నీటికాసులకి వాడే మందు అది. ఇంగ్లండులో రాబర్ట్ రాబిన్సన్ అనే మహా పండితుడు చూపించిన దారి తప్పని, తనది ఒప్పని రుజువు చేశాడు. అంత చేసినా ఆ యూనివర్సిటీ ఆయన్ని ప్రొఫెసర్‌గా తీసుకోలేదు. రంగు అడ్డమొచ్చింది.

చివరికి గ్లిడ్డెన్ అనే కంపెనీలో చేరి సోయా చిక్కుడు గింజల నుంచి హార్మోను మందులు తీశాడు. కీళ్లవాతానికి వాడే కార్టిసోన్ రకం మందులు పేదోడికి అందే ధరకి దిగిరావడంలో ఆయన చెయ్యి ఉంది. 1950లో షికాగో పక్కన ఓక్ పార్క్‌లో ఇల్లు కొనుక్కుంటే, కాపురానికి రాకముందే నిప్పు పెట్టబోయారు. 1951లో ఆ ఇంటి మీదకి డైనమైట్ విసిరారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినోళ్లం, ఆ మంట మనకి కొత్త కాదు. 1973లో గాని అక్కడి జాతీయ సైన్సు అకాడమీ ఆయన్ని సభ్యుడిగా తీసుకోలేదు. 1975లో పోయాడు. 1935లో చేసిన పనికి అమెరికా రసాయన సంఘం 1999లో చారిత్రక గుర్తింపు ఇచ్చింది. లెక్క వేసుకోండి బిడ్డలారా, 64 ఏళ్లు!

జూలియన్ పరిశోధకుడు. ఇంకొక ఆయన్ని చెప్తాను, టీచరు. పేరు సెయింట్ ఎల్మో బ్రేడీ. నల్లవాళ్ల కోసం పెట్టిన ఫిస్క్ యూనివర్సిటీలో థామస్ టాలీ అనే నల్ల మాస్టారు దగ్గర రసాయనం చదువుకున్నాడు. 1916లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో డాక్టరేటు తీసుకున్నాడు. అమెరికాలో రసాయనశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న మొదటి నల్ల మనిషి ఆయనే. ఆ తర్వాత ఆయన టస్కెగీ పోయాడు, హోవార్డ్ పోయాడు. 1927 నుంచి పాతికేళ్లు ఫిస్క్‌లో ఉన్నాడు. రిటైరయ్యాక మిసిసిపీ రాష్ట్రంలో టూగలూ అనే చిన్న కాలేజీకి పోయి అక్కడా రసాయన విభాగాన్ని నిలబెట్టాడు. నాలుగు చోట్లా పిల్లలు నిలబడి పని చేసుకునే బల్లలు వేయించాడు. ఫిస్క్‌లో పై చదువు కూడా మొదలుపెట్టాడు. 1940లో అక్కడ ఎమ్మే చదివిన శామ్యూల్ మాసీ, 1966లో అమెరికా నౌకాదళ అకాడమీలో మొదటి నల్ల ప్రొఫెసర్ అయ్యాడు. టాలీ నుంచి బ్రేడీ, బ్రేడీ నుంచి మాసీ. దీపం నుంచి దీపం వెలిగించినట్టు.

బ్రేడీ పేరున పెద్ద సూత్రం ఏదీ లేదు, నోబెల్ లేదు. ఈయన్ని ఏ తూకంలో తూస్తారు? మన దేశంలో రసాయన పరిశోధనకి చాలాకాలం పెద్ద గుర్తింపు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి. 1958 నుంచి 45 ఏళ్ల లోపు వాళ్లకి ఇచ్చారు. 2023లో కొత్తగా పెట్టిన రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాల్లో దాన్ని కలిపేశారు. టీచర్లకైతే 1958 నుంచి జాతీయ అవార్డులున్నాయి. 2018 నుంచి టీచరే కంప్యూటర్లో దరఖాస్తు పెట్టుకోవాలి, తాను చేసిన పనికి కాయితాలూ ఫోటోలూ వీడియోలూ జతచెయ్యాలి. ఇవన్నీ తప్పని నేననను. పని చేసినవాడికి గుర్తింపు రావాల్సిందే. కానీ ఈ తూకాలు ఆఖరి మెట్టు మీద నిలబడ్డవాణ్ణి చూస్తాయి. కింద మెట్లు కట్టినవాడు వాటికి ఆనడు. ఫోటో తీసుకోవడానికి ఖాళీ లేని టీచరు అసలే ఆనడు.

ఆఖరి మెట్టు ఎక్కినవాణ్ణి కూడా ఒకణ్ణి చూద్దాం. 2025లో రసాయనంలో నోబెల్ ముగ్గురికి వచ్చింది. జపాన్ నుంచి కిటగావా, ఆస్ట్రేలియా నుంచి రాబ్సన్, అమెరికా నుంచి ఓమర్ యాఘి. లోహపు అయాన్లనీ కర్బన అణువులనీ గుదిగుచ్చి, లోపలంతా ఖాళీ గదులుండే కొత్త రకం పదార్థాలు చేశారు. ఎడారిలో రాత్రిపూట గాలిలోని తేమని పట్టుకుని పొద్దున ఎండకి నీళ్లుగా వదిలే పదార్థం అందులో ఒకటి. ఈ యాఘి పాలస్తీనా నుంచి వచ్చిన కాందిశీకుల బిడ్డ. జోర్డాన్ దేశంలో అమ్మాన్ ఊళ్లో పుట్టాడు. ఇంటిల్లిపాదికీ గొడ్లకీ కలిపి ఒకటే గది, కరెంటు లేదు, కుళాయి లేదు. తల్లికి చదువు రాదు. పదేళ్లప్పుడు, ఎప్పుడూ తాళం వేసి ఉండే బడి లైబ్రరీ ఒకరోజు తెరిచి ఉంటే మెల్లిగా లోపలికి దూరాడు. ఒక పుస్తకంలో అణువుల బొమ్మలు చూశాడు. అర్థం కాలేదు గాని మనసు అక్కడే ఆగిపోయింది. అతన్ని నోబెల్ దాకా తీసుకుపోయిన దారి అక్కడ మొదలైంది.

ఆ తలుపు ఆ రోజు కూడా తాళం వేసి ఉంటే? మన బళ్లల్లో ఎన్ని గదులకి తాళాలున్నాయో మీకు తెలుసు. ల్యాబు అని బోర్డు ఉంటది, లోపల బీరువా ఉంటది, బీరువాలో గాజు సామాను దుమ్ము పట్టి ఉంటది. పగిలితే ఎవరు కట్టాలని భయం. పరీక్షనాళిక ధర పాతిక ముప్పై రూపాయలు. పిల్లవాడి చదువు అంతకంటే చవకైపోయింది.

తాళం తీసినా, చెయ్యి పెట్టనిస్తారా అనేది ఇంకో ప్రశ్న. నేను ఇంటర్ చదివిన చోట ప్రాక్టికల్స్‌కి నలుగురికి ఒక బల్ల. మిగతా ముగ్గురూ చేసేవాళ్లు. "నీ రాత బాగుంటది, నువ్వు రీడింగులు రాయి" అని నాకు పుస్తకం ఇచ్చేవాళ్లు. అయిపోయాక గాజు సామాను కడిగే పని కూడా నాదే. చూసే లెక్చరరు చూస్తూనే ఉండేవాడు. రెండేళ్లలో నేను బ్యూరెట్టు తిప్పింది పరీక్ష నాడు ఒక్కసారి. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కులం పేరు కూడా ఎత్తలేదు. అయినా నా చెయ్యి బల్ల మీదకి రాలేదు.

బాబాసాహెబ్ అంబేద్కర్‌ని బొంబాయిలో హైస్కూలు చదివేటప్పుడు లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగెత్తి తీసుకున్నారు. ఆ మనిషే 1942లో వైస్రాయికి ఇచ్చిన విజ్ఞాపనలో, మా వాళ్లకి ఉత్త ఆర్ట్సు చదువు, లా చదువు చాలదు, సైన్సులో టెక్నాలజీలో పై చదువులకి స్కాలర్‌షిప్పులు ఇవ్వండి అని అడిగాడు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు ఆర్ట్సుతో పాటు సైన్సు కూడా పెట్టాడు. ప్రయోగశాల ఖర్చు ఎంతో ఆయనకి తెలియకనా?

సైన్సు మనకెందుకు, ఏదో ఒక డిగ్రీ చాలదా అనేవాళ్లకి ఒక్కమాట. పట్నంలో డ్రైనేజీ మ్యాన్‌హోల్లోకి దిగి చచ్చిపోయేది ఎవరి బిడ్డలు? వాళ్లని చంపే వాయువుల్లో ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన అని పుస్తకంలో ఒక లైను ఉంటది, మార్కుల కోసం బట్టీ పడతారు. మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోద్దనీ, వాసన ఆగింది గదా అని దిగినవాడు తిరిగి రాడనీ చెప్పిన టీచరు ఒక ప్రాణం కాపాడినట్టే. చేత్తో పాకీపని చేయించకూడదని 2013 చట్టం ఉంది. చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం పక్కన రసాయనం కూడా తెలిసుంటే, దిగను పో అనే ధైర్యం వస్తది.

కాబట్టి మన శాలువాకి నేను చెప్పే కొలబద్ద ఇది. సంఘం పెద్దలు ఒప్పుకుంటే రాసుకోండి.

ఒకటి, ఆ టీచరు బడిలో ల్యాబు తాళం ఏడాదిలో ఎన్ని రోజులు తీశారో చూడాలి. రిజిస్టరు చూడొద్దు, పిల్లల్ని అడగాలి.

రెండు, తరగతిలో ప్రతి బిడ్డా తన చేత్తో ప్రయోగం చేసిందా చూడాలి. ఆడపిల్లలు చూస్తూ కూర్చుంటే, మన పల్లె పిల్లలు గాజు కడుగుతుంటే, ఆ టీచరుకి నూరు శాతం పాసులొచ్చినా శాలువా వద్దు.

మూడు, సామాను లేదని చేతులు ముడుచుకోని టీచరుని చూడాలి. పసుపు పూసిన కాయితం మీద సున్నపు నీళ్ల చుక్క వేస్తే ఎర్రబడుద్ది, నిమ్మరసం వేస్తే మళ్లీ పచ్చనవుద్ది. మందార పువ్వు రసంతో ఆమ్లం ఏదో క్షారం ఏదో చెప్పొచ్చు. సున్నపు తేటలో గొట్టంతో ఊదితే పాలలాగా తెల్లబడుద్ది. ఇవి బీరువా లేకుండా చేసే పాఠాలు.

నాలుగు, ఊళ్లో పనిని పాఠంలోకి తెచ్చినవాళ్లని చూడాలి. చాకలి అవ్వ చౌడు గురించి, తాత లంద గురించి తరగతిలో నిలబడి చెప్పిన రోజు ఉందా? ఆ రోజు వాళ్లకి కుర్చీ వేశారా?

అయిదు, బిడ్డకి సన్మానం చేసేటప్పుడు మార్కుల వరస ఒక్కటే చూడొద్దు. ఇంట్లో మొదటిసారి సైన్సు గ్రూపు తీసుకున్న బిడ్డని, ప్రశ్న అడిగి మాస్టారిని ఆలోచనలో పడేసిన బిడ్డని వెతకాలి. ఆ బిడ్డకి శాలువాతో పాటు ఇంటర్ రెండేళ్ల పుస్తకాలూ, ప్రాక్టికల్ రికార్డులూ మనం కొనివ్వాలి.

ఇంకొకటి సంఘం చెయ్యాల్సింది. వచ్చే నెలలో మండలంలోని ప్రతి హైస్కూలుకీ నలుగురం పోదాం, ఇద్దరు తల్లులు కూడా రావాలి. ల్యాబు చూపించండని మర్యాదగా అడుగుదాం. ఏముంది, ఏం లేదు, ఎవరు చేస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అని రాసుకుని ఎం.ఇ.ఓ. గారికి ఇద్దాం. ఆ కాయితం ఈ పత్రికలో అచ్చేద్దాం. పగిలిన గాజుకి డబ్బులు టీచర్ల జేబులోంచి పోకుండా చిన్న నిధి ఒకటి పెడదాం. నా వంతు వెయ్యి రూపాయలు ఇప్పుడే కోశాధికారి గారికి ఇస్తున్నాను.

మాస్టార్లూ, మీ మీద నిఘా పెట్టడానికి కాదు ఇది. మంచి పని చేస్తూ ఎవరి కంటా పడని మీలాంటివాళ్లని వెతకడానికే. తల్లులారా, ఈ రాత్రి ఇంటికిపోయి మీ బిడ్డని ఒక్కటే అడగండి: ఈ ఏడు బళ్లో నీ చేత్తో ఏం చేశావు? వాళ్లు చెప్పిన జవాబు పట్టుకుని వచ్చే మీటింగుకి రండి. సన్మానం ఎవరికో అక్కడే తేల్చుకుందాం.

జై భీమ్.